కార్మిక చట్టాలు గట్టిగా ఉన్న దేశాల్లో ఆదాయాల తేడా తక్కువేనా? తెలిసినవాళ్లు చెప్పండి

కావలి మాస్టారు

అందరికీ నమస్కారం. కావలిలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి కదా, వాటి మీద క్లాసు జరుగుతుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది: "కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది, ఫ్యాక్టరీల చట్టమూ అప్పుడే వచ్చింది, ఇన్ని చట్టాలుండి కూడా రొయ్యల ప్లాంటులో పీలింగ్ చేసేవాళ్లకీ అదే ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగులకీ ఇంత తేడా ఎందుకు సార్? చట్టాలు తక్కువున్న దేశాల్లో ఇంతకన్నా ఘోరంగా ఉంటుందా?" వాళ్లమ్మ పీలింగ్‌కే పోతుందంట.

దేశాలను పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తేలిగ్గా కుదరదు. స్వీడన్, డెన్మార్క్, నార్వేల్లో ప్రభుత్వం నిర్ణయించే కనీస వేతనమే లేదు, అయినా ఆదాయాల తేడా బాగా తక్కువున్న దేశాల్లో అవి ముందుంటాయి. దక్షిణాఫ్రికాలో సమ్మె హక్కు రాజ్యాంగంలోనే రాసుకున్నారు, 1995 నాటి కార్మిక సంబంధాల చట్టం చదివితే పనివాడికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది, కానీ ఆ దేశం గినీ సూచీ 0.63, ప్రపంచ బ్యాంకు లెక్కల్లో అందరికన్నా పైన. (గినీ సున్నా అయితే అందరికీ సమానం, ఒకటి అయితే మొత్తం ఒక్కడికే.) అమెరికాలో పనిలోంచి తీసెయ్యడం చాలా తేలిక, తేడా కూడా ఎక్కువ, అది మాత్రం అనుకున్నట్టే ఉంది. ఫ్రాన్స్‌లో కార్మిక చట్టాలకు లోటు లేదు, తేడా మధ్యస్తంగా ఉంటుంది.

మరి ఏ రకం చట్టం తేడాను తగ్గిస్తుంది, ఏ రకం పెంచుతుంది? పుస్తకాల్లో ఉన్నది పిల్లలకు చెప్పగలను, కానీ ఇక్కడ క్వారీలు నడిపేవాళ్లు, యూనియన్లలో తిరిగేవాళ్లు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు ఉన్నారు కాబట్టి మీ వైపు నుంచి కూడా వినాలని ఉంది. రేపటి క్లాసుకు కాదు, నిదానంగా రాయండి.

చీమకుర్తి రాయి

సార్, ఒంగోలు దగ్గర చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నా, కాబట్టి యజమాని వైపు మాట చెబుతా.

మన చట్టాలన్నీ మనుషుల లెక్కతో మొదలవుతాయి. పాత ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట 10 మంది నుంచి, ఈఎస్ఐ 10 మంది నుంచి, పీఎఫ్ 20 మంది నుంచి. ఎవరినైనా తీసెయ్యాలంటే ప్రభుత్వం అనుమతి కావాలన్న రూలు 1976లో 300 మంది పైనున్న ఫ్యాక్టరీలకు పెట్టారు, తర్వాత 1980ల్లో దాన్ని 100కు దించారు. ఇప్పుడు కొత్త కోడ్‌లో మళ్లీ 300. యజమాని ఏం చేస్తాడు? ఆ గీత దాటకుండా ఉంటాడు. ఒకే షెడ్డుకు రెండు పేర్లతో రెండు లైసెన్సులు, ఒకటి బావమరిది పేరు మీద. లేదంటే మేస్త్రీ ద్వారా మనుషుల్ని తెచ్చుకుంటాడు, మస్టర్‌లో పేర్లుండవు. యూనిట్ చిన్నదిగానే ఉండిపోతుంది, పెద్ద మెషినరీ పెట్టలేడు, పెట్టకపోతే ఒక మనిషి రోజుకు చేసే పని పెరగదు, అది పెరగకుండా కూలి ఎక్కణ్ణుంచి పెరుగుతుంది?

ఇది మా బాధ మాత్రమే కాదు. టిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ అని ఇద్దరు 1958 నుంచి 1992 దాకా మన రాష్ట్రాల లెక్కలు తీసి 2004లో రాశారు, పారిశ్రామిక వివాదాల చట్టాన్ని కార్మికుల వైపు సవరించిన రాష్ట్రాల్లో రిజిస్టరైన ఫ్యాక్టరీల ఉత్పత్తీ ఉద్యోగాలూ తగ్గాయని, పట్నాల్లో పేదరికం పెరిగిందని. అందులో మన ఆంధ్రప్రదేశ్‌ను యజమానుల వైపు సవరించిన రాష్ట్రాల్లో పెట్టారు. అదే ఏడాది ఇంకొందరు 85 దేశాల చట్టాలు పోల్చి, చట్టం బరువెక్కిన చోట నిరుద్యోగం, ముఖ్యంగా కుర్రాళ్లలో, ఎక్కువని తేల్చారు. ఇటలీలో 15 మంది దాటితే తీసేసిన మనిషిని మళ్లీ పనిలో పెట్టుకోవాలన్న రూలు 1970 నుంచి చాలాకాలం ఉంది, ఫ్రాన్స్‌లో 50 మంది దగ్గర కొత్త బాధ్యతలు మీద పడతాయి. ఆ గీతల దగ్గర ఆగిపోవడం ఒక్క మన దగ్గరే జరిగేది కాదు.

కాబట్టి నా మాట ఇది: ఉద్యోగం ఉన్నవాణ్ణి చట్టం గట్టిగా కాపాడితే, లేనివాడు బయటే ఉండిపోతాడు. ఆ ఇద్దరి మధ్య తేడానే మీ స్టూడెంటు అడిగింది.

ట్రంకురోడ్డు

అన్నా, గీత దాటకుండా యూనిట్లు చిన్నవిగా ఉండిపోతున్నాయన్నది నిజమే, నేను కాదనను. నెల్లూరులో లేబర్ కేసులు చూస్తాను, రెండు లైసెన్సుల షెడ్లు నేనూ చూశాను. కానీ మీరు చెప్పిన బెస్లీ, బర్జెస్ పేపర్ మీద ఆదిత్య భట్టాచార్జీ అనే ఆర్థికవేత్త 2006లో గట్టి విమర్శ రాశారు, అది కూడా మాస్టారు చదవాలి. వాళ్లు ఒక్కో సవరణకు ఒక మార్కు వేసుకుంటూ పోయారు, చిన్న సవరణకూ పెద్ద సవరణకూ ఒకటే మార్కు. ఒక చిన్న సవరణ పట్టుకుని గుజరాత్‌ను కార్మికుల పక్షం రాష్ట్రాల్లో చేర్చేశారు. గుజరాత్‌లో ఫ్యాక్టరీలు పెరగలేదని ఎవరంటారు?

ఇక అసలు సంగతి. తీసెయ్యడం కష్టం కాబట్టే ఉద్యోగాలు రావట్లేదంటే, యజమానులకు దారి దొరికిన తర్వాత ఏం జరిగిందో చూడండి. మన దేశంలో రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కార్మికుల వాటా 2000 నాటికి 20 శాతం దగ్గర ఉండేది, 2022-23కి 40 శాతం దాటింది. కాంట్రాక్టు మనిషిని తీసెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 300 మంది గీతా, 100 మంది గీతా వాళ్లకు అంటనే అంటవు. మరి వాళ్ల కూలి పెరిగి పర్మినెంటు వాళ్ల దగ్గరికి వచ్చిందా? రాలేదు, ఒకే బెల్టు మీద ఒకే పని చేస్తూ ఇద్దరికి రెండు రేట్లు.

నేను చూసినంతలో కార్మిక చట్టాలను రెండు రకాలుగా విడదీసి చూడాలి మాస్టారూ. ఒకటి, ఉద్యోగంలోంచి తీసెయ్యకుండా ఆపేవి. రెండోది, కూలికి అడుగు గీత గీసేవి, పదిమంది కలిసి బేరమాడే హక్కు ఇచ్చేవి. మొదటి రకం వల్ల ఆదాయాల తేడా తగ్గుతుందన్న రుజువు బలహీనం, ఇక్కడ రాయి అన్నతో నాకు పేచీ లేదు. తేడాను నిజంగా తగ్గించేది రెండోదే, అదైనా ఎంతమందికి వర్తిస్తుంది అన్నదాన్ని బట్టి.

స్వీడన్‌లో కనీస వేతనం చట్టం లేదన్నారు. నిజమే, కానీ అక్కడ పనిచేసేవాళ్లలో మూడింట రెండొంతులు యూనియన్లలో ఉన్నారు, దాదాపు 90 శాతం మంది కూలి ఉమ్మడి ఒప్పందాల్లోనే తేలుతుంది. 1950ల్లో అక్కడి యూనియన్ల ఆర్థికవేత్తలు యోస్తా రేన్, రుడాల్ఫ్ మైడ్నర్ ఒక పద్ధతి రాశారు, లాభాలు ఎక్కువొచ్చే కంపెనీ అయినా తక్కువొచ్చే కంపెనీ అయినా ఒకే పనికి ఒకే కూలి, అది ఇవ్వలేని కంపెనీ మూతపడితే పడనీ, ఆ పనివాళ్లకు ప్రభుత్వం శిక్షణ ఇచ్చి వేరేచోట పని చూపిస్తుంది. రాయి అన్న అడుగుతున్న 'పెద్ద మెషినరీ' అక్కడ అలాగే వచ్చింది, కూలి తగ్గించుకుని బతికే దారి మూసేశారు కాబట్టి.

ఫ్రాన్స్ ఇంకా విచిత్రం. యూనియన్ సభ్యులు పదిమందిలో ఒకరు, కానీ ఒక పరిశ్రమలో ఒప్పందం కుదిరితే ప్రభుత్వం దాన్ని ఆ పరిశ్రమ మొత్తానికీ చుట్టేస్తుంది, అందుకే ఒప్పందాల కిందికి 90 శాతం పైగా వస్తారు. అమెరికాలో సభ్యులూ పదిమందిలో ఒకరే, ఒప్పందం కిందికి వచ్చేదీ దాదాపు అంతే. సభ్యుల సంఖ్య ఒకటే, ఫలితం వేరు. అక్కడ ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్ల దగ్గర 2009 జులైలో ఆగింది, ఆ తర్వాత కదల్లేదు.

ఇక పీలింగ్ గురించి. మేస్త్రీ కనీస వేతనం ఇవ్వకపోతే బాధ్యత ప్లాంటు యజమానిది కూడా. పాత కాంట్రాక్టు లేబర్ చట్టంలోనే ఆ మాట ఉంది. బకాయి కూలికి క్లెయిము వెయ్యడానికి కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలే గడువుండేది, వేతనాల కోడ్‌లో మూడేళ్లు చేశారు. పని చేసిన తేదీలు, ఎన్ని కిలోలు ఒలిచారో రోజూ రాసి పెట్టుకుంటే చాలా పనికొస్తుంది. కేసులు ఓడిపోయేది ఎక్కువ కాగితం లేకే.

వెలిగొండ ఎప్పుడు

నమస్తే అందరికీ. మాది కనిగిరి వైపు. పై ఇద్దరూ ఫ్యాక్టరీల మాటే మాట్లాడారు, మా దగ్గర ఫ్యాక్టరీలే లేవు. వాన పడకపోతే బెంగళూరు, హైదరాబాద్ బేల్దారి పనులకు పోయేవాళ్లే మా ఊళ్లో సగం మంది. మాలాంటి వాళ్లకు 100 మంది గీతైనా 300 మంది గీతైనా ఒకటే. దేశంలో పనిచేసేవాళ్లలో పదికి తొమ్మిదిమంది ఇలా ఏ చట్టం లెక్కలోకీ సరిగా రానివాళ్లే, వాళ్లను వదిలేసి దేశం మొత్తం ఆదాయాల తేడా గురించి ఎలా మాట్లాడతాం?

మా ఊళ్లో కూలి రేటు మారింది కోర్టు వల్లా కాదు, లేబర్ ఆఫీసరు వల్లా కాదు. ఉపాధి హామీ వల్ల. నేను ఆ పనుల్లో మేటుగా (కూలీల గుంపును చూసుకునే మనిషిగా) చేశాను కాబట్టి దగ్గర్నుంచి చూశా. 2005 చట్టం, మా ప్రకాశానికి రెండో విడతలో 2007లో వచ్చింది. అంతకుముందు కలుపు కూలికి ఆడమనిషికి ఒక రేటు, మగవాళ్లకు దాదాపు రెట్టింపు. చెరువు పనిలో ఇద్దరికీ ఒకటే రేటు పెట్టేసరికి ఆసామి దగ్గర ఆడవాళ్లు నోరు తెరిచి అడగగలిగారు, "అంతకు రాము, మట్టి పని ఉంది" అని. ఆ ఒక్క మాట అనగలగడమే పెద్ద మార్పు. అడగడానికి వెనక ఇంకో పని ఉండాలి, లేకపోతే ఎన్ని చట్టాలున్నా ఇచ్చింది తీసుకుని పోవడమే.

ఇది నా అనుభవం మాత్రమే కాదు. క్లెమెంట్ ఇంబర్ట్, జాన్ పాప్ అనేవాళ్లు దేశం మొత్తం లెక్కలు చూసి, ఉపాధి హామీ ముందొచ్చిన జిల్లాల్లో బయటి కూలి రేటు దాదాపు 5 శాతం పెరిగిందని రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాల్లో కార్తీక్ మురళీధరన్ వాళ్లు స్మార్ట్‌కార్డుల మీద చేసిన పరిశోధన ఇంకా గట్టిది. డబ్బు సక్రమంగా చేతికి అందేలా చేసిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం 13 శాతం దాకా పెరిగింది, అందులో ఎక్కువ భాగం పథకం డబ్బు కాదు, బయట కూలి పెరగడం వల్ల వచ్చింది. చట్టం మారలేదు, రేటు మారలేదు, ఉన్నది సరిగ్గా అమలైందంతే!

బ్రెజిల్‌లో కూడా ఇలాంటిదే చదివాను. అక్కడ 1990ల మధ్య నుంచి 2010ల చివరికి, ధరల పెరుగుదల తీసేసి చూసినా, కనీస వేతనం రెట్టింపు దాటింది. దానికి పెన్షన్లను కూడా ముడిపెట్టారు, కనీస పెన్షన్ కనీస వేతనం కన్నా తగ్గకూడదని 1988 రాజ్యాంగంలోనే ఉంది. కాగితాల్లేని కొలువుల్లో కూడా యజమానులు ఆ రేటునే చూసి కూలి కట్టడం మొదలుపెట్టారు, దాన్ని అక్కడి ఆర్థికవేత్తలు లైట్‌హౌస్ ప్రభావం అంటారు. 2000 తర్వాత పదేళ్లకు పైగా బ్రెజిల్‌లో ఆదాయాల తేడా తగ్గుతూ వచ్చింది. ఒక్క కనీస వేతనం వల్లే అని నేననను, పేద కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే బోల్సా ఫమీలియా డబ్బులున్నాయి, పిల్లల చదువులు పెరిగాయి, కానీ దాని వాటా పెద్దదే.

మాస్టారూ, పొగాకు గ్రేడింగుకు పోయే ఆడవాళ్ల సంగతి కూడా మీ క్లాసులో అడగండి. టంగుటూరు, కందుకూరు వైపు పిల్లలుంటే వాళ్ల ఇళ్లలోనే జవాబు దొరుకుతుంది. సీజన్ మూడు నాలుగు నెలలు, మిగతా ఏడాది ఏ చట్టం కిందికి వస్తారు వాళ్లు?

ఉదయగిరి టు కువైట్

నేను కువైట్‌లో 18 నంబర్ వీసా (కంపెనీల్లో పనికి ఇచ్చేది) మీద ఉన్నా, మా ఊరి ఆడవాళ్లు చాలామంది 20 నంబర్ వీసా మీద ఇళ్లల్లో పనిచేస్తారు. ఒకే దేశం, ఒకే వీధి, మాకు ఒక చట్టం వాళ్లకు ఒక చట్టం. 2010 నాటి ప్రైవేటు రంగం కార్మిక చట్టంలో ఇంటి పనివాళ్లను బయటే ఉంచారు. 2015లో వాళ్లకు వేరే చట్టం చేశారు, వారానికి ఒకరోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించి పని వద్దు అని. 2016లో కనీసం 60 దినార్ల జీతం పెట్టారు. మాకు 2017లో 75 దినార్లు చేశారు. గల్ఫ్‌లో ఇంటి పనివాళ్లకు ఇలాంటి చట్టం తేవడంలో కువైటే ముందు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇంట్లో తలుపు వెనక ఎన్ని గంటలు పని చేయించారో ఎవరు చూస్తారు? కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) ఒప్పుకోకుండా వేరే ఇంటికి మారడం కష్టం. మారలేని మనిషి కూలి ఎలా బేరమాడుతుంది?

ఖతార్‌లో ఉన్న మా తమ్ముడు చెప్పేది వేరే. అక్కడ 2020లో కఫీల్ ఎన్ఓసీ లేకుండా పని మారొచ్చని చట్టం మార్చారు, 2021 మార్చి నుంచి ఏ దేశం వాడికైనా, ఇంటి పనివాళ్లతో సహా, 1,000 రియాళ్ల కనీస జీతం పెట్టారు. అమలులో లోపాలున్నాయి, కాదనను. అయినా పని మారే హక్కు అన్నది కనీస జీతం కన్నా పెద్దదని నా అభిప్రాయం. పైన అక్క చెప్పిన "వెనక ఇంకో పని" ఇదే.

చట్టంలోంచి ఎవరిని బయట పెట్టారో చూస్తే ఆ దేశంలో ఎవరు కిందున్నారో తెలిసిపోతుంది. అమెరికాలో కూడా ఇంతేనంట కదా?

గుండ్లకమ్మ గట్టు

అవునన్నా, అమెరికాలో అచ్చంగా అంతే. గ్రూప్స్‌కు చదువుతూ ఈ టాపిక్ చూశాను. 1938లో కనీస వేతనం చట్టం తెచ్చినప్పుడు వ్యవసాయ కూలీలను, ఇళ్లల్లో పనివాళ్లను, ఇంకా చాలా రంగాలను వదిలేశారు, ఆ పనుల్లో ఎక్కువమంది నల్లవాళ్లు. 1966 సవరణతో పొలం పనులు, హోటళ్లు, నర్సింగ్ హోములు లోపలికి వచ్చాయి. ఎలోరా డెరెనాన్‌కోర్ట్, క్లెయిర్ మోంటియాలూ అనే ఇద్దరు ఆ తర్వాతి లెక్కలు తీసి, 1960ల చివర, 70ల మొదట్లో నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ సంపాదనలో తగ్గిన తేడాలో 20 శాతం పైన ఈ ఒక్క సవరణదే అని చూపించారు, ఉద్యోగాలు చెప్పుకోదగ్గంత పోలేదని కూడా. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయనే వాదన మీద అంతకుముందే డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ న్యూజెర్సీ హోటళ్ల లెక్క తీశారు. 1992లో అక్కడ గంటకు 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచితే, పెంచని పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాతో పోల్చి చూస్తే ఉద్యోగాలు తగ్గలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

మాస్టారికి ఒక చిన్న హెచ్చరిక. గినీలు పోల్చేటప్పుడు ఏ గినీ అన్నది చూసుకోండి. భారత్ గినీ 25.5 (మాస్టారి కొలతలో 0.255), ప్రపంచంలో నాలుగో సమాన దేశం అని 2025లో బాగా తిరిగింది. అది ఖర్చుల మీద లెక్క, 2022-23 సర్వేది. స్వీడన్, అమెరికా లెక్కలు ఆదాయం మీద. ఖర్చులో తేడా ఎప్పుడూ ఆదాయంలో తేడా కన్నా తక్కువే కనిపిస్తుంది, పైగా కోటీశ్వరుడు సర్వేకు దొరకడు. అదే 2022-23కు వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ లెక్క ప్రకారం మన దేశం ఆదాయంలో 22.6 శాతం పైనున్న 1 శాతం మందికే పోతోంది. ఈ రెండూ ఒకే దేశం లెక్కలు!

ఇంకోటి, ఫ్రాన్స్‌లో పన్నులకు, పెన్షన్లకు ముందు గినీ 0.5 దగ్గర ఉంటుంది, అవన్నీ అయ్యాక 0.3 దగ్గరికి వస్తుంది. కాబట్టి మొత్తం ఘనత కార్మిక చట్టానికి ఇవ్వకూడదు.

కావలి మాస్టారు

చాలా చాలా థ్యాంక్స్ అందరికీ, నేను అనుకున్నదానికన్నా ఎక్కువ దొరికింది. కాల్డెరాన్, చాంగ్ అనేవాళ్ల పరిశోధన ఒకటి దేశాల మధ్య పోలికతోనే ఉంది, అందులో కాగితం మీద చట్టాలకూ ఆదాయాల తేడాకూ సంబంధం కనబడలేదు, నిజంగా అమలయ్యే వాటికి మాత్రం కొంచెం కనబడింది. మీరందరూ చెప్పిందీ అటే పోతోంది. కానీ దక్షిణాఫ్రికా ఇంకా నాకు అడ్డం పడుతోంది. అక్కడ యూనియన్లు బలంగా ఉన్నాయి, పరిశ్రమ మొత్తానికి ఒప్పందాన్ని చుట్టే పద్ధతి కూడా ఫ్రాన్స్‌లో లాగే ఉంది కదా ట్రంకురోడ్డు గారూ?

ట్రంకురోడ్డు

ఉంది మాస్టారూ. అక్కడ తేడా కూలీకి కూలీకి మధ్య కంటే పని ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఎక్కువ. నిరుద్యోగం 30 శాతం పైన. పనే లేనివాడికి ఏ ఒప్పందం చుట్టినా ఏం లాభం? దాని మూలం కార్మిక చట్టంలో లేదు. అపార్థైడ్ (చట్టబద్ధమైన జాతి వివక్ష) కాలంలో నల్లవాళ్లను పట్నాలకు, గనులకు దూరంగా ఎక్కడో పెట్టారు, భూమి లాక్కున్నారు, వాళ్ల బడుల మీద కావాలనే తక్కువ ఖర్చు పెట్టారు. ఇప్పటికీ పనికి పోవాలంటే గంటల ప్రయాణం, జీతంలో పెద్ద ముక్క చార్జీలకే. 1995 చట్టం ఆ నేల మీద వచ్చి నిలబడింది. 2019 జనవరి నుంచి దేశమంతటికీ గంటకు 20 ర్యాండ్ల కనీస వేతనం పెట్టారు, మొదట పొలం పనివాళ్లకు 18, ఇంటి పనివాళ్లకు 15 అని తగ్గించి పెట్టి, పొలం వాళ్లకు 2021లో, ఇంటి వాళ్లకు 2022లో సమానం చేశారు. ఉదయగిరి తమ్ముడు అన్నట్టు అక్కడ కూడా చివరికి లోపలికొచ్చింది ఇంటి పనివాళ్లే.

చట్టం చేసిన మేలు ఎంత అని చూడాలంటే దేశాలను పక్కపక్కన పెట్టడం కన్నా, ఒకే దేశంలో చట్టం మారకముందు, మారిన తర్వాత చూడడం మంచిది. జర్మనీలో 2003-05 హార్ట్జ్ సంస్కరణలతో చిన్న చిన్న తక్కువ జీతం కొలువులు పెంచారు, ఆ తర్వాత 2015లో గంటకు 8.50 యూరోల కనీస వేతనం పెట్టారు. ఉద్యోగాలు పోతాయని ఎంతోమంది హెచ్చరించారు, కింది జీతాలు పెరిగాయి, ఉద్యోగాలు పోలేదు.

చీమకుర్తి రాయి

సరే, ఒకటి సూటిగా అడుగుతా. కూలి పెరగాలి, నేనూ కాదనను. మా దగ్గర బీహార్, ఒడిశా కుర్రాళ్లు ఆ దుమ్ములో పనిచేస్తారు, వాళ్ల ఊపిరితిత్తుల సంగతి నాకు తెలుసు, నిద్ర పట్టని రోజులున్నాయి. కానీ కాగితం మీదికి తెస్తే ఆర్డర్లు తగ్గినప్పుడు నేనేం చెయ్యాలి? చైనా బయ్యర్ ఒక నెల బ్లాకులు తీసుకోకపోతే చీమకుర్తి మొత్తం ఆగిపోతుంది. యజమానికి ఊపిరి ఆడేలా, పనివాడు కాగితం మీద ఉండేలా, రెండూ చేసిన దేశం ఒక్కటైనా ఉందా?

ట్రంకురోడ్డు

స్పెయిన్ చూడండి అన్నా. అక్కడ పనివాళ్లలో నాలుగో వంతు తాత్కాలికంగానే ఉండేవాళ్లు, ఏళ్ల తరబడి ఇదే గొడవ, పర్మినెంటు వాడికి అన్నీ ఉండేవి, తాత్కాలికం వాడికి ఏమీ లేవు. 2021 చివర్లో ప్రభుత్వం, యూనియన్లు, యజమానుల సంఘాలు ముగ్గురూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. తాత్కాలిక కాంట్రాక్టు పెట్టాలంటే కారణం చూపించాలి. దానికి బదులుగా సీజన్ పనులకు ఒక కొలువు ఇచ్చారు, మనిషి పర్మినెంటే, సీజన్ లేనప్పుడు ఇంట్లో ఉంటాడు, సీజన్ రాగానే అతన్నే పిలవాలి, సీనియారిటీ పోదు. ఆర్డర్లు పడిపోతే పనివాణ్ణి తీసెయ్యకుండా గంటలు తగ్గించుకోవచ్చు, జీతం లోటులో కొంత ప్రభుత్వం భరిస్తుంది. 2022 ఫిబ్రవరిలో పార్లమెంటులో 175-174 ఓట్లతో, ఒక్క ఓటుతో గట్టెక్కింది. తాత్కాలికం వాళ్ల వాటా 25 శాతం నుంచి 16 శాతం దగ్గరికి వచ్చింది. అదే కాలంలో కనీస వేతనం నెలకు 900 యూరోల నుంచి (2019) 1,184కు (2025) పెంచుకుంటూ పోయారు, ఉద్యోగాలు తగ్గకపోగా పెరిగాయి.

పొగాకు గ్రేడింగుకు, రొయ్యల పీలింగుకు ఆ సీజన్ కొలువు అచ్చంగా సరిపోతుంది. వెలిగొండ అక్క అడిగిన ప్రశ్నకు కూడా ఇదే నా జవాబు.

మన దగ్గర ముగ్గురూ కూర్చునే వేదిక లేక కాదు. ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ ఉంది, కనీస వేతనం అంటే ఒక మనిషికి ఎన్ని క్యాలరీల తిండి, ఇంటికి ఏడాదికి ఎన్ని గజాల గుడ్డ అని 1957లో లెక్క కట్టింది ఆ సభే. 46వది 2015లో జరిగింది. నాలుగు కోడ్‌లు పార్లమెంటులో పాసైన 2019, 2020ల్లో ఆ సభ పెట్టనే లేదు.

చీమకుర్తి రాయి

గంటలు తగ్గించుకుని ప్రభుత్వం కొంత భరించే పద్ధతి ఉంటే నేను రేపే మా కుర్రాళ్లందరి పేర్లూ మస్టర్‌లోకి ఎక్కిస్తా, నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారు. వచ్చే నెల మా అసోసియేషన్ మీటింగు ఒంగోలులో ఉంది, స్పెయిన్ సంగతి అక్కడ ఎత్తుతా. అన్నా, ఆ ఒప్పందంలో సీజన్ మనిషిని మళ్లీ పిలవకపోతే యజమానికి ఏం జరుగుతుందో అది కూడా వివరంగా రాయండి, మావాళ్లు మొదట అడిగేది అదే.